పేతురు వేషం

మా పల్లెలో ఈస్టర్ నాటకం ఆడే ఏడు మట్టల ఆదివారం నాటికి చర్చి గోడ మీద ఒక కరపత్రం వెలుస్తుంది. ఎడమవైపు పాత్రల పేర్లు, కుడివైపు ఆ వేషాలు కట్టేవారి పేర్లు. ఎవరి పేరు ముందుండాలి, ఎవరిది పెద్ద అక్షరాల్లో ఉండాలి అన్నదాని మీద అలకలు, పంచాయితీలు జరిగిన సందర్భాలు నాకు తెలుసు. పోయినసారి కరపత్రంలో ఎడమవైపు అంతా మామూలుగానే ఉంది. యేసు ప్రభువు, పిలాతు, ప్రధాన యాజకుడు కయప, పేతురు, యూదా ఇస్కరియోతు, మగ్దలేనే మరియ. కుడివైపు మాత్రం ఖాళీ. అడుగున ఒక వాక్యం కొత్తగా చేరింది: ప్రదర్శన సమయంలో సెల్‌ఫోన్లతో ఫొటోలు, వీడియోలు తీయరాదు.

ఆ వాక్యాన్ని రాయించింది భక్తి కాదు, భయం. నాటకం ప్రతిని సరిచూసే పని చాలా ఏళ్లుగా నా మీద ఉంది. రిహార్సళ్లు మొదలైన మూడో రోజు రాత్రి, వరసకు మరదలయ్యే ఒకామె మా ఇంటికి వచ్చింది. ఆమె కొడుకుకు యేసు వేషం ఇచ్చాం. చదువుకున్నవాడు, మంచి గొంతు, పద్యం అందుకుంటే చర్చి వెనక కూర్చున్న ముసలివాళ్లు కూడా తలెత్తుతారు.

“బావగారూ, పిల్లోడికి ఆ వేషం వద్దండీ” అంది.

“ఏమ్మా, రాత్రుళ్లు చదువు పాడవుతోందా?” అన్నాను.

“చదువు కాదండీ. డీఎస్సీ రాస్తన్నాడు గదా. రేపు ఎవరన్నా ఫొటో తీసి ఎక్కడన్నా పెడితే…”

వాక్యాన్ని ఆమె పూర్తి చేయలేదు. చేయవలసిన అవసరమూ లేదు. (ఇక్కడ చెబుతున్న మనుషులెవరో పోల్చుకునే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. ఎందుకు మార్చానో ఈ వ్యాసమే చెబుతుంది.)

ఆమె భయానికి పునాది డెబ్బై అయిదేళ్ల నాటిది. 1950 ఆగస్టు 10న వెలువడిన రాజ్యాంగ షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోని మూడో పేరా, హిందూ మతం కాక వేరొక మతాన్ని అవలంబించే వ్యక్తిని షెడ్యూల్డు కులస్తుడిగా పరిగణించరాదని చెప్పింది. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు సవరణల ద్వారా ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకు, ముస్లింలకు అది మూసే ఉంది. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మూడో పేరాను ఎత్తివేయమని సిఫారసు చేసింది. కేంద్రం దానిని పక్కనపెట్టి, 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వాన మరో కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది. తీర్మానాలకు, కమిషన్లకు కొదవ లేదు.

ఇంతలో న్యాయస్థానాల నుంచి వచ్చిన రెండు తీర్పులు పల్లెల దాకా చేరాయి. పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో 2024 నవంబరులో సుప్రీంకోర్టు, బాప్తిస్మం పొంది క్రమం తప్పక చర్చికి వెళుతూ, ఉద్యోగం కోసం మాత్రం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని అన్నది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కులం పేరుతో దూషించి కొట్టారని ఒక పాస్టరు పెట్టిన కేసును కొట్టివేస్తూ, క్రైస్తవం స్వీకరించినవాడు అట్రాసిటీ నిరోధక చట్టం రక్షణ కోరజాలడని తేల్చింది. దీనికి తోడు, ఎస్సీ పత్రాలున్న పాస్టర్ల మీద, ఉద్యోగుల మీద, ప్రజాప్రతినిధుల మీద ఫొటోలు జతచేసి ఫిర్యాదులు పంపడమే పనిగా పెట్టుకున్నవారూ ఉన్నారు. అటువంటి కాలంలో, ముళ్ల కిరీటం పెట్టుకొని సిలువ మోస్తున్న కుర్రవాడి వీడియో కంటే పెద్ద సాక్ష్యం ఏ విచారణాధికారికి దొరుకుతుంది?

ఈస్టర్ నాటకాన్ని బయటివారు సిలువ నాటకంగా చూస్తారు. ఆణీలు కొట్టే ఘట్టం, పక్కలో బల్లెపు పోటు, మూడో నాటి ఉదయం రాయి దొర్లడం, ఇవే కనబడతాయి. మా పల్లెకు సంబంధించినంత వరకు నాటకానికి గుండెకాయ అది కాదని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. గుండెకాయ పేతురు ఘట్టం. గురువును బంధించి తీసుకుపోయారు. ప్రధాన యాజకుడి ముంగిట్లో చలిమంట దగ్గర పేతురు చేతులు కాచుకుంటున్నాడు. ఒక పనిపిల్ల అతని ముఖం పరిశీలించి, నువ్వు ఆయన మనిషివే కదా అంటుంది. కాదంటాడు. మళ్లీ అడుగుతారు. మళ్లీ కాదంటాడు. చివరికి చుట్టూ ఉన్నవాళ్లు అతని మాటతీరు పట్టుకుంటారు. గలిలయ యాస దాగదు. ఒట్టు పెట్టి మరీ ఆ మనిషినే ఎరగనంటాడు. కోడి కూస్తుంది.

గుంటూరులో కాలేజీ హాస్టలుకు వెళ్లిన మొదటి రోజు నన్ను మూడు ప్రశ్నలు అడిగారు. ఇంటిపేరేమిటి? ఏ ఊరు? ఊళ్లో ఎక్కడ? తెలుగు నేల మీద పల్లె నుంచి బయటకు వచ్చిన ప్రతివాడికీ ఈ మూడు ప్రశ్నల వరస తెలుసు. మూడోదానికి జవాబు చెప్పకపోయినా మాట యాస చెప్పేస్తుంది. ఆ రోజు నేను ఊళ్లో రామాలయం పక్కన అన్నాను. అంతకు ముందు ఏడు ఈస్టర్‌కు మా పల్లెలో పేతురు వేషం కట్టింది నేనే.

ఆ ఏడు యేసు వేషం కట్టినవాడు నా ఈడువాడు. మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఇద్దరం ఒకే ఆదివారం బాప్తిస్మం తీసుకున్నాం. ఇవాళ కాగితాల మీద అతను ఎస్సీ, నేను బీసీ-సి. క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాల వారిని, వారి సంతానాన్ని మన రాష్ట్రంలో ఈ వర్గంలో చేర్చి ఒక్క శాతం కేటాయించారు. నేను అటువైపు నిలబడటం నా ధైర్యం కాదు. మా నాన్న మిషను బడిలో ఉపాధ్యాయుడు. ఆయన సర్వీసు పుస్తకంలో క్రైస్తవుడని రాసి ఉంది, దాన్ని కాదనే వీలు నాకు లేకపోయింది. అతని తండ్రి కూలి. ఏ పుస్తకంలోనూ ఏమీ రాసి లేదు. కనుక బడిలో చేర్పించిన అయ్యవారు పెట్టిన హిందూ పేరు మిగిలింది. మా పల్లెలో సగం మందికి రెండేసి పేర్లుంటాయి. రికార్డుల్లో వెంకటేశ్వర్లు, సంఘంలో యేసుపాదం. రికార్డుల్లో లక్ష్మి, సంఘంలో మార్త. అయ్యగారు బల్ల దగ్గర ఒక పేరుతో పిలుస్తారు, ఉపాధి హామీ మేస్త్రి మరో పేరుతో పిలుస్తాడు. రెండింటికీ పలుకుతారు.

దీన్ని మోసం అనేవారు, ఆ మోసానికి పాల్పడుతున్నది ఎవరో కాస్త చూడాలి. మాలపల్లెలో పుట్టి, మాలవాడిగా అవమానపడి, మాలవాడిగానే పాతిపెట్టబడే మనిషిని, నీవు మాలవాడివేనని పత్రం ఇవ్వడానికి నీ దేవుణ్ణి ఎరగనని చెప్పమని అడుగుతున్నది ఎవరు? చలిమంట దగ్గర పేతురును అడిగిన పనిపిల్ల చేతిలో అధికారం లేదు. తహసీల్దారు కార్యాలయంలో అడిగేవాడి చేతిలో ఉంది.

ఈ నాటకం మా దగ్గరకు ఎలా వచ్చిందో కొంత చెప్పాలి. క్రైస్తవ లోకంలో పేరు మోసిన శ్రమల నాటకం జర్మనీలోని బవేరియా ప్రాంతపు ఓబరామర్‌గౌ గ్రామానిది. 1633లో ప్లేగు నుంచి కాపాడితే నాటకం ఆడతామని ఆ ఊరి జనం మొక్కుకున్నారు. 1634లో తొలిసారి ఆడారు. పదేళ్లకోసారి ఆడుతున్నారు. కోవిడ్ వల్ల 2020 నాటిది 2022కు జరిగింది. ఆ ఊళ్లో పుట్టినవారికో, ఇరవై ఏళ్లుగా అక్కడ నివసిస్తున్నవారికో తప్ప వేషం దొరకదు. అయితే ఐరోపాలో ఈ నాటకాలకు ఒక చీకటి చరిత్ర ఉంది. క్రీస్తును చంపినవారు యూదులన్న ద్వేషాన్ని అవి శతాబ్దాల తరబడి జనంలో నాటాయి. 1934లో హిట్లర్ వచ్చి ఓబరామర్‌గౌ నాటకం చూసి వెళ్లాడు. ఇటీవలి దశాబ్దాల్లో ఆ గ్రామస్తులు తమ ప్రతిని చాలావరకు సంస్కరించుకున్నారు. అక్కడ నాటకం ఆడినది అధికసంఖ్యాకులు, నింద మోసింది వెలివాడల్లో ఉన్నవారు. మా దగ్గర వెలివాడే నాటకం ఆడుతుంది. ఈ తేడా తెలియకుండా మన ఈస్టర్ నాటకాన్ని పడమటి దిగుమతి అనేస్తే సరిపోదు. మా కయప ఏనాడూ యూదుడిలా మాట్లాడలేదు. ఊరి పెద్ద కరణంలా మాట్లాడాడు. ఆ గొంతు మా తాతలు విన్నది.

ఒంగోలు మిషను చరిత్రలో 1878 జూలై 3 ఒక గుర్తు. ధాత కరువు తర్వాత ఆ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు. దొర క్లౌ పేరు అందరికీ తెలుసు. అంతకు పదేళ్ల ముందు నుంచే ఊరూరా తిరిగి ఈ మాటను మోసిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ అన్న సంగతి పాఠ్యపుస్తకాలకు ఇంకా చేరలేదు. కొత్తగా చేరినవారికి మూడు నియమాలు ఉండేవి. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. చూడటానికి మత నియమాలు. అమలులో అవి వెట్టి మీద తిరుగుబాటు. ఆదివారం పొలానికి రానన్న మాల మీద, జాతరకు డప్పు కొట్టనన్న మాదిగ మీద ఊరు విరుచుకుపడింది. డప్పు అప్పుడు చేతిలోంచి జారిపోయింది. మా పల్లె నాటకంలో యేసును బంధించి తెచ్చేటప్పుడు డప్పు మోగుతుంది. దాన్ని చర్చి ఆవరణలోకి రానివ్వాలా వద్దా అని మా సంఘ పెద్దలు ఎన్నేళ్లు వాదించుకున్నారో చెబితే నవ్వుతారు.

నాటకం రూపం మాత్రం తెలుగు పద్యనాటకానిదే. హార్మోనియం, తెర, రాగం తీసి వన్స్‌మోర్ అనిపించుకునే పద్యం. పురుషోత్తమ చౌదరి కీర్తనలు ఘట్టానికీ ఘట్టానికీ మధ్య పాడతారు. మా వాళ్లలో చాలామంది చలికాలంలో హరిశ్చంద్ర ఆడి, ఎండాకాలం రాబోతుండగా యేసు చరిత్ర ఆడేవారు. హరిశ్చంద్ర కాటిసీనులో జనం వన్స్‌మోర్ కొట్టే పద్యాలు గుర్రం జాషువావి. ఒక దళిత క్రైస్తవుడి పద్యం పాడకుండా తెలుగువాడి హరిశ్చంద్రుడు శ్మశానం దాటలేడు. ఆ జాషువాకే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, ‘క్రీస్తు చరిత్ర’ కావ్యానికి. హిందువులు అంటరానివాడన్నారు, పురాణ కథలు రాస్తున్నాడని క్రైస్తవులు వెలివేశారు. రెండు వైపులా ఆయనను అడిగినది ఒకటే ప్రశ్న, నీవు ఎవరి మనిషివి అని. ఆయన కాదనకుండా బతకడానికి పద్యం ఒక్కటే చోటుగా మిగిలింది.

1978లో ‘కరుణామయుడు’ వచ్చింది. ఎ. భీంసింగ్ తీసిన ఆ సినిమాలో విజయచందర్ యేసు. అప్పటి నుంచి తెలుగు పల్లెల్లో యేసు అంటే ఆ ముఖమే, ఆ జుట్టే, ఆ నడకే. అంతకు ముందు వార్నర్ సాల్మన్ అనే అమెరికన్ చిత్రకారుడు 1940లో వేసిన బొమ్మ క్యాలెండర్ల మీదుగా మా గోడలకు చేరి ఉంది. ఈ రెండూ కలిసి మాకొక అలవాటు చేశాయి. యేసు వేషానికి పల్లెలో తెల్లగా ఉన్నవాణ్ణి వెతకడం. నల్లనివాళ్లకు సైనికుల వేషాలు, యూదా వేషం. మా ఈడువాళ్లలో బాగా నల్లగా, ఆరడుగుల ఎత్తుండి, యేసు పాత్ర సంభాషణలన్నీ కంఠతా వచ్చినవాడు ఒకడు పన్నెండేళ్లు కొరడా పట్టుకున్నాడు తప్ప సిలువ పట్టుకోలేదు. మనల్ని రంగు చూసి దూరం పెట్టారని ఊరి మీద నింద వేస్తూ, మా దేవుడి ముఖానికి మేమే తెల్ల పౌడరు అద్దుకున్నాం. ఈ మాట సంఘంలో అన్నందుకు నా మీద కోపగించినవారున్నారు.

రంగు కంటే దారి పెద్ద కథ. నాటకంలో సిలువ మోసే ఘట్టం వేదిక మీద జరగదు. చర్చి నుంచి సమాధుల దొడ్డి దాకా ఊరేగింపుగా నడుస్తుంది. దగ్గరి దారి ఊళ్లోంచి, పెద్ద బజారు మీదుగా. మేము నడిచేది చుట్టూ తిరిగే పొలాల డొంక వెంట. గల్గొతాకు మా ఊళ్లో బజారు దారి లేదు. 1991 ఆగస్టు 6న మా జిల్లాలోనే చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపిన తర్వాత వచ్చిన తొలి ఈస్టర్‌కు ఇంకొక ఆంక్ష వచ్చింది. పల్లెవాళ్లు కర్రలు పట్టుకొని గుంపుగా బయటికి రాకూడదని ఊరి పెద్దలు కబురు పెట్టారు. ఆ ఏడు మా రోమా సైనికులు బల్లేలు లేకుండా, వట్టి చేతులతో, చంకీ కాగితం అతికించిన అట్టముక్క కిరీటాలతో డొంక వెంట నడిచారు. పిలాతు సైన్యానికే ఆయుధాలు పెట్టుకునే అనుమతి లేని రాజ్యం మాది. నవ్వుకున్నాం కూడా. ఆ కబురు పంపినవారు మా బాప్తిస్మ పత్రాలు చూసి పంపలేదు. వారికి మా మతంతో పని లేదు, కులం చాలు. మా కులం చూసే ఊరు దారి మూసింది. మా మతం చూసి చట్టం, నీకు కులం లేదు పొమ్మంటోంది. ఊరి బజారు నుంచి న్యాయస్థానం దాకా నడిచి వెళ్లేలోగా మా కులం ఎక్కడ రాలిపోయిందో ఎవరైనా చూపించాలి.

ఇంతవరకు ఊరి సంగతి. మా సంగతీ చెప్పాలి. డొంక దారిలో ఒకచోట కుడివైపుకు తిరిగితే మాదిగగూడెం వస్తుంది. అక్కడా చర్చి ఉంది, అక్కడా యేసే. మా సిలువ ఎన్నడూ కుడివైపుకు తిరగలేదు. మా నాటకానికి డప్పు వాళ్లది, వేషాలు మావి. గూడెం కుర్రాళ్లకు గుంపులో నిలబడి ‘సిలువ వేయుము’ అని కేకలు పెట్టే పని తప్ప మాట ఉన్న వేషం దొరికిన గుర్తు నాకు లేదు. తమిళనాట ఒకే చర్చిలో అగ్రకుల క్రైస్తవులు, దళిత క్రైస్తవులు వేర్వేరు సమాధుల దొడ్లు పెట్టుకున్నారని చదివి బాధపడే మేము, పక్క సందులోని ఈ రెండు చర్చీల గురించి మాట్లాడం. 2000లో మారంపూడి జోజి హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయినప్పుడు, 2022లో పూల ఆంథోని కార్డినల్ అయినప్పుడు దళితుడికి దక్కిన గౌరవమని గర్వపడ్డాం. గర్వపడవలసిందే. కానీ ఆ గర్వం డొంక మలుపు దాకా కూడా రాలేదు.

మీ మతంలో కులం లేదంటారు, మళ్లీ కులం పేరిట హోదా ఎలా కోరతారు అని నన్ను చాలామంది విద్యార్థులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అయితే అదే ప్రశ్న సిక్కు మతానికీ, బౌద్ధానికీ వర్తిస్తుంది. సిద్ధాంతంలో అక్కడా కులం లేదు. అంబేడ్కర్ హిందూ మతం వదిలింది కులం లేని చోటు కోసమే. 1990 సవరణ బౌద్ధంలో కులం ఉందని ఒప్పుకోవడం కాదు, బౌద్ధుడైనా బయట సమాజం అతన్ని అంటరానివాడిగానే చూస్తోందని ఒప్పుకోవడం. రెండో అభ్యంతరం మన వైపు నుంచే వస్తుంది. ఉన్న 15 శాతంలోకి క్రైస్తవులూ వస్తే ఎలా అని. వర్గీకరణ కోసం మాదిగలు మూడు దశాబ్దాలు పోరాడి, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు సాధించుకున్న తర్వాత ఈ అనుమానం ఇంకా పెరిగింది. దాన్ని తీసిపారేయలేను. నా పల్లె వరకు నేను చెప్పగలిగింది ఒకటే. మాలో అత్యధికులు ఇప్పటికే ఎస్సీ పత్రాలతో ఉన్నారు. హోదా ఇస్తే ఇక్కడ లెక్క పెద్దగా పెరగదు, బొంకు తగ్గుతుంది. వాటాల లెక్క తేలేదాకా ఆగవలసిన అవసరం లేని విషయం ఇంకొకటుంది. అట్రాసిటీ చట్టం ఉద్యోగాల కోటా కాదు. కొట్టినవాడు కులం చూసి కొట్టినప్పుడు, దెబ్బతిన్నవాడికి ఆ చట్టం వర్తిస్తే ఏ హిందూ దళితుడి వాటా తగ్గుతుంది? ఈ ప్రశ్నకు నాకు ఎవరూ జవాబు చెప్పలేదు.

పోయిన ఈస్టర్‌కు తిరిగి వస్తాను. మరదలి కొడుకు యేసు వేషం మానుకున్నాడు. తర్వాత అడిగిన ఇద్దరిలో ఒకడు గ్రూప్-2కు, ఇంకొకడు కానిస్టేబులు పరీక్షకు తయారవుతున్నారు. ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. నాటకం ఆగిపోతుందనుకున్న రాత్రి, సరుగుడు బాదులతో సిలువ కొట్టడానికి వచ్చిన సెంట్రింగు పనివాడు, తాను వేస్తానన్నాడు. గూడెం కుర్రవాడు. ఎనిమిదో తరగతితో బడి మానేశాడు. పరీక్షలు రాసే పని లేదు, పోగొట్టుకోవడానికి ఏ పత్రమూ లేదు. నల్లనివాడు. ఏళ్ల తరబడి మా నాటకం చూసి సంభాషణలన్నీ నేర్చుకొని ఉన్నాడు. పెద్దలు గొణిగారు. ఇంకో దారి లేక సరేనన్నారు. కోర్టుల భయం పుణ్యమా అని, మా పల్లె వేదిక మీద తొలిసారి యేసు నల్లగా ఉన్నాడు, చెక్క పని చేసేవాడై ఉన్నాడు, మాదిగ అయి ఉన్నాడు. సిలువ మోసే ఘట్టంలో అతని నాయనమ్మ చూస్తుందని ఊరేగింపును గూడెం వైపు తిప్పమని నేను అడిగాను. చాలా తర్జనభర్జన జరిగింది. గూడెం మొదట్లో బోరింగు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. ముసలావిడ బోరింగు దగ్గరికే నడిచి వచ్చింది.

మరదలి కొడుకు నాటకం మొత్తానికి మానలేదు. పేతురు వేషం ఇమ్మని తనే అడిగాడు. చలిమంట ఘట్టం చీకట్లో ఉంటుంది, తలమీద తుండుగుడ్డ కప్పుకోవచ్చు అన్నాడు. ఆ ఘట్టం ఎప్పుడూ మా పల్లెలో నవ్వుల ఘట్టం. గంపలో నిజమైన కోడిపుంజును తెస్తారు. అది ఏనాడూ వేళకు కూయదు. తెర వెనక ఎవడో ఒక కుర్రాడు కూస్తాడు, జనం గొల్లుమంటారు. ఈసారి పనిపిల్ల వేషంలోని అమ్మాయి దీపం ఎత్తి, తుండుగుడ్డ కింద ముఖం చూడబోయింది. అతను ముఖం తిప్పుకున్నాడు. వేషం కోసం తిప్పుకున్నాడో నిజంగానే తిప్పుకున్నాడో నాకు తెలియలేదు. మూడోసారి ఎరగనన్నాక తెర వెనక కుర్రాడు కూశాడు. ఎవరూ నవ్వలేదు. స్త్రీల వైపు కూర్చున్న అతని తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఈస్టర్ తెల్లవారుజామున నాలుగింటికి అందరం కొవ్వొత్తులతో సమాధుల దొడ్డికి వెళ్లాం. పండుగకు ముందు ఎవరి సమాధులకు వారు సున్నం వేసుకోవడం రివాజు. పేర్లు చెక్కిన చోట వదిలి చుట్టూ వేస్తారు. ఒకనాడు నాతో యేసు వేషం కట్టిన నా ఈడువాడు, ఇంకో రెండేళ్లలో రిటైరు కాబోతున్నవాడు, తన తండ్రి సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తున్నాడు. ఆ రాయి మీద ఆయన సంఘంలో పిలిచిన పేరు, కింద సిలువ గుర్తు ఉండేవి. ఈ ఏడు సున్నం ఆ పేరు మీదుగా కూడా వేసి ఉంది. రెండు పూతలు వేసినట్టున్నాడు, అక్షరాలు తడిమితే తప్ప తెలియవు. నేను చూడటం అతను చూశాడు. ఏమీ అడగలేదు. నా కొవ్వొత్తితో అతని పక్కనున్న ఆరిపోయిన కొవ్వొత్తిని వెలిగించి, మా నాన్న సమాధి వైపు నడిచాను.